హ్యూస్టన్ తెలుగు సంఘాల పెద్దలకు: జూన్ రాకముందే మాకొక ఆదివారం ఇవ్వండి

పెద్దలందరికీ నమస్కారం.

నేను హ్యూస్టన్ పక్కన కేటీలో ఒక అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తులో అద్దెకుంటున్నాను. మీలో చాలామందికి నేను తెలుసు, ఉగాదికీ సంక్రాంతికీ కలుస్తూనే ఉంటాం. పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే ఇది నా ఒక్కదాని సంగతి కాదు. 2024 జులై 8న బెరిల్ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో నలుగురం ఉన్నాం: నేను, మా ఆయన, ఏడు వారాల మా పాప, పురుడు పొయ్యడానికి వైజాగ్ నుంచి వచ్చిన మా అమ్మ. ఆ వారం మా ఇంట్లో ఏం జరిగిందో ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఊళ్లో వాళ్లు కంగారుపడతారని కొంత, అమ్మ బాధపడుతుందని కొంత. ఇప్పుడు అమ్మే రాయమంది. ఇంకొన్ని వారాల్లో జూన్ 1 వస్తుంది, హరికేన్ల సీజన్ మొదలవుతుంది, నవంబర్ 30 దాకా ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మన ఇళ్లకి ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు, ఆగస్టులో కొత్త స్టూడెంట్లు సూట్‌కేసులతో దిగుతారు. వాళ్లకోసం మిమ్మల్ని ఒకటి అడగాలి. ముందు జరిగింది చెబుతాను.

మా అమ్మకి తుఫాను కొత్త కాదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ నేరుగా వైజాగ్ దగ్గరే తీరం దాటింది. మధ్యలో గాలి ఒక్కసారిగా ఆగిపోయి, హమ్మయ్య అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వస్తే, అది తుఫాను కన్ను, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. ఎయిర్‌పోర్ట్ పైకప్పు ఎగిరిపోయింది, పచ్చగా ఉండే కైలాసగిరి బోడిగుట్ట అయిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్‌కి క్యూ, నీళ్ల బిందెకి క్యూ. ఆ రోజుల్లో అమ్మ వెనక వరండాలో బొగ్గుల కుంపటి వెలిగించి మాకూ పక్కింటివాళ్లకూ కలిపి అన్నం వండింది, పక్కింటి చంటిదానికి దాని మీదే పాలు కాచి ఇచ్చేది. నేనప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఆ కుంపటి నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది. అది వెలుగుతుంటే ఇంట్లో ధైర్యంగా ఉండేది.

అందుకే బెరిల్ వస్తోందన్నప్పుడు మేం పెద్దగా భయపడలేదు. జులై మొదట్లో అది అట్లాంటిక్‌లో కేటగిరీ 5, అంటే అన్నిటికన్నా పెద్ద స్థాయి హరికేన్ అయింది, ఏడాదిలో అంత ముందుగా ఏ హరికేనూ ఆ స్థాయికి చేరలేదట. గ్రెనడా చిన్న దీవుల్ని చిందరవందర చేసి, జమైకా పక్కనుంచి వెళ్లి, మెక్సికోలో యుకటాన్ దాటి సముద్రంలోకి వచ్చేసరికి బాగా నీరసించింది. మొదట టెక్సాస్ దక్షిణ కొసకి, మెక్సికో సరిహద్దు వైపు వెళ్తుందన్నారు. జులై 4 సెలవులు, లాంగ్ వీకెండ్, ఎవరి ప్రయాణాల్లో వాళ్లున్నారు. తీరా వీకెండ్‌కి దాని దారి ఉత్తరానికి జరుగుతూ జరుగుతూ మా వైపే తిరిగింది. అప్పటికి కేటగిరీ 1, అన్నిటికన్నా కింది స్థాయి అన్నారు. అమ్మ టీవీ చూసి "ఏటే, దీనికేనా ఇంత హడావిడి" అంది. అంటూనే బాత్‌టబ్ నిండా నీళ్లు పట్టింది, గిన్నెలూ కుక్కర్లూ అన్నీ నింపింది, పప్పు ఉడికించి పెట్టింది. ఆ నీళ్ల విషయంలో ఆవిడే కరెక్ట్.

సోమవారం తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలో అది మటగోర్డా దగ్గర తీరం దాటింది. హ్యూస్టన్ చాలావరకు దానికి తూర్పు వైపున పడింది, గాలీ వానా ఎక్కువుండేది ఆ వైపే. అయిదున్నరకి కరెంటు పోయింది. ఏసీ మోత ఆగిపోయాక గాలి ఎంత గట్టిగా ఉందో అప్పుడు వినబడింది. ఆ వసంతమంతా వానలే కాబట్టి నేల మెత్తగా ఉంది, పార్కింగ్‌లో ఉన్న పెద్ద పైన్ చెట్టు వేళ్లతో సహా ఒరిగి రెండు కార్ల మీద పడింది. మధ్యాహ్నానికి వాన వెలిసింది. "అయిపోయింది, పోన్లే" అంది అమ్మ. మేమూ అదే అనుకున్నాం. ఊళ్లో తుఫానంటే గాలి, వాన, ఉప్పెన. అవి పోతే గండం గడిచినట్టే లెక్క.

ఇక్కడ మాత్రం అసలు కష్టం అక్కణ్ణుంచే మొదలైంది.

హ్యూస్టన్ చుట్టుపక్కల 22 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఎక్కడ కరెంటుందో చూపించే మ్యాప్ కూడా పనిచెయ్యక, జనం ఒక బర్గర్ షాపుల యాప్ తెరిచి ఏ బ్రాంచి తెరిచుందో చూసి, ఆ వీధికి కరెంటొచ్చిందని లెక్క వేసుకున్నారు. మర్నాడు ఎండ మొదలైంది. ఉక్కపోత ఎంతంటే గోడలకి చెమట పట్టినట్టుండేది. మా అపార్ట్‌మెంట్‌లో కిటికీలు సగమే తెరుచుకుంటాయి, అడ్డగాలి రాదు, కింద కార్పెట్. ఈ ఇళ్లు ఏసీని నమ్ముకుని కట్టినవి, అది లేకపోతే ఇల్లు మూతపెట్టిన గిన్నెలా ఉంటుంది. స్టవ్ కూడా కరెంటుదే. పాప ఒళ్లంతా చెమటకాయలు పేలాయి. పాపకోసం పిండుకుని ఫ్రీజర్‌లో దాచుకున్న నా పాల ప్యాకెట్లు ఇరవై పైగా ఉన్నాయి, అవి కరిగాయా లేదా అని టెన్షన్‌తో గంటకోసారి తలుపు తీసి చూస్తూనే ఉన్నాను. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తియ్యకుండా ఉంచితే దాదాపు రెండు రోజులు చల్లగా ఉంటుందని నాకు అప్పుడు తెలీదు. మంగళవారం మధ్యాహ్నానికి అన్నీ నీళ్లయ్యాయి. ఒక్కొక్కటీ సింక్‌లో పారబోస్తుంటే ఏడుపు ఆగలేదు.

ఆ సాయంత్రం అమ్మ కుంపటి మాట ఎత్తింది.

పార్కుకి తీసుకెళ్లే చిన్న గ్రిల్ ఒకటి మా దగ్గరుంది, సగం వాడిన బొగ్గుల సంచీ ఉంది. బాల్కనీలో గ్రిల్ వెలిగించకూడదని లీజులో రాసుంది, అయినా పసిపిల్ల ఉంది కదా, ఎవరేమంటారులే అని మా ఆయన వెలిగించాడు. అమ్మ దాని మీద అన్నం వండింది, పాలసీసాలు మరగబెట్టింది. రెండు రోజుల తర్వాత వేడి అన్నం, పప్పు, ఆవకాయ. ఎంత తృప్తిగా తిన్నామో చెప్పలేను. తిన్నాక చీకటి పడింది, దోమలు కమ్ముకున్నాయి, బాల్కనీ తలుపు వేసేశాం. అప్పటికి మంట లేదు, పొగ లేదు, బొగ్గులు బూడిద కప్పుకుని లోపల ఎర్రగా ఉన్నాయి. రాత్రి పాపకి వేడినీళ్లు కావాలి కదా అని అమ్మ ఆ గ్రిల్‌ని జాగ్రత్తగా గుడ్డతో పట్టుకుని లోపలికి తెచ్చి వంటింట్లో టైల్స్ మీద పెట్టి, పైన నీళ్ల గిన్నె పెట్టింది. "పొగ లేదుగా, నిప్పులేగా" అంది. నేను చూశాను. మా ఆయన చూశాడు. ఇద్దరం మాస్టర్స్ చదివినవాళ్లం, ఒక్క మాట అనలేదు. మా ఇద్దరికీ అందులో తప్పేం కనబడలేదు.

ఒక గంట గడిచాక అమ్మకి తలనొప్పి మొదలైంది. పైత్యం చేసిందంది. మా ఆయన లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. నాకు కడుపులో తిప్పింది. రెండు రోజులుగా నిద్రలేదు, ఈ వేడి, ఈ ఉక్క, అందుకే అనుకున్నాం, అలా అనుకోకుండా ఎవరుంటారు చెప్పండి. అమ్మకి బీపీ ఉంది కాబట్టి భయమేసి, కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టాం. 98 చూపించింది. బాగానే ఉందిలే అనుకున్నాం. ఆ నిప్పుల నుంచి వచ్చే విషవాయువు రక్తంలోకి ఎక్కినా ఆ చిన్న మిషను దాన్ని ఆక్సిజన్ అనుకుని మామూలుగానే చూపిస్తుందని ఆస్పత్రిలో చెప్పేదాకా మాకు తెలీదు. మనలో ఎన్ని ఇళ్లలో ఆ మిషను ఉందో ఆలోచించండి. పాప మాత్రం హాయిగా నిద్రపోతోంది. రోజూ రెండు గంటలకోసారి లేచే పిల్ల ఆ రాత్రి లేవలేదు. పాపం అలసిపోయిందని అమ్మ సంతోషించింది.

మా కింద ఇంట్లో హోండూరస్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంటుంది. అమ్మకీ ఆవిడకీ ఒక్క మాట కూడా కలవదు, పాపని చూసి ఇద్దరూ నవ్వుకుంటారు, అంతే. వాళ్లబ్బాయికి ఎక్కడో ఐస్ దొరికితే ఒక సంచీ మాకిద్దామని ఆ రాత్రి పైకొచ్చింది. తలుపు తియ్యగానే ఆవిడ ముక్కు ఎగబీల్చింది. నన్ను పక్కకి నెట్టి లోపలికొచ్చి వంటింట్లో ఎర్రటి బొగ్గులు చూసింది. ఇక ఆ అరుపు నేను జన్మలో మర్చిపోను. "ఫుఏరా, ఫుఏరా" అంటూ తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి పాపని ఎత్తుకుని మెట్లు దిగి పరిగెత్తింది. పాపని ఎత్తుకుపోతోందని మా అమ్మ వెనకాల అరుస్తూ పరిగెత్తింది. వాళ్లిద్దరి వెనక మేము. ఆ మాటకి బయటికి అని అర్థమట, తర్వాత తెలిసింది. కింద గడ్డి మీద కూర్చోబెట్టి వాళ్లబ్బాయి చేత 911కి ఫోన్ చేయించింది. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు వచ్చి మీటర్ పట్టుకుని మా ఇంట్లో అడుగుపెట్టగానే అది కీచుకీచుమని మోగడం కిందికి వినబడింది. నలుగురికీ ఆక్సిజన్ పెట్టి ఆస్పత్రికి తీసుకెళ్లారు. పాప బాగుంది. అందరం బాగున్నాం. ఇంకో గంట ఆవిడ రాకపోయుంటే ఏమయ్యేదని నేను డాక్టర్ని అడగలేదు.

కార్బన్ మోనాక్సైడ్. స్కూల్లో చదువుకున్నాం, పరీక్షలో రాశాం. రంగు లేదు, వాసన లేదు. బొగ్గు మండుతున్నప్పుడే కాదు, బూడిద కప్పుకుని కణకణలాడుతున్నప్పుడు కూడా వస్తూనే ఉంటుంది, పొగ లేదు కదా అని మనం దాన్ని నమ్మేస్తాం. వైజాగ్‌లో అది మమ్మల్ని ఏమీ చెయ్యకపోవడానికి కారణం వరండా. నాలుగు వైపులా గాలి. అమ్మ చేసింది అక్కడా ఇక్కడా ఒకటే పని. అక్కడ అది పది మందికి అన్నం పెట్టింది, ఇక్కడ మూసిన ఇంట్లో మమ్మల్ని చంపబోయింది. నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఈ ఒక్క మాట కోసం. మన పెద్దవాళ్లకి ఏమీ తెలీక కాదు, చాలా తెలుసు, తుఫానులు ఈదినవాళ్లు. కానీ ఆ తెలిసినదంతా గాలాడే ఇళ్లలో నేర్చుకున్నది. ఈ ఇళ్ల సంగతి వేరని వాళ్లకి ఎవరైనా చెప్పాలి.

బెరిల్‌లో చెట్లు ఇళ్ల మీద పడి చనిపోయినవాళ్లు ఉన్నారు, ఆ తర్వాత కరెంటు లేక వేడికి పోయినవాళ్లు ఉన్నారు, జనరేటర్ పొగకి పోయినవాళ్లు ఉన్నారు. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి టెక్సాస్‌లో చాలాచోట్ల కరెంటు పోయినప్పుడు కూడా ఇంతే, చలికి తట్టుకోలేక గ్యారేజీలో కారు స్టార్ట్ చేసుకుని, ఇంట్లో బొగ్గులు వెలిగించుకుని ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ఈ ఊళ్లోనే ఎందరో. జనరేటర్‌ని ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలని, గ్యారేజీ తలుపు ఎత్తేసి ఉంచినా సరే లోపల కారు నడపకూడదని, వేడికీ ఈ గ్యాస్‌కీ లక్షణాలు ఒకేలా ఉంటాయని, ఇంట్లో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి తలనొప్పి వస్తే ముందు బయటికి నడవాలని, ఇవన్నీ ఆ హోండూరస్ పెద్దావిడకి తెలుసు. ఎలా తెలుసు? 2008లో ఐక్ హరికేన్ వచ్చినప్పుడు ఆవిడ ఇక్కడే ఉంది, అది ఒకటి. రెండోది, వాళ్ల చర్చిలో ప్రతి ఏడూ సీజన్‌కి ముందు ఎవరో ఒకరు వచ్చి స్పానిష్‌లో చెబుతారట. వాళ్లబ్బాయి చెప్పాడు. అది విన్న రోజు నాకు మీరు గుర్తొచ్చారు. మనకి గుళ్లున్నాయి, హాళ్లున్నాయి, మీరున్నారు.

మీరు చేసిన మంచి నేను మర్చిపోలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక మమ్మల్ని షుగర్‌ల్యాండ్‌లో తమ ఇంట్లో అయిదు రోజులు పెట్టుకున్నది మీలోని ఒక కుటుంబమే. వాళ్లింటికి కరెంటు వచ్చిన గంటలోనే తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేశారు. ఆ ఆంటీ పాపకి స్నానం చేయించి నిద్రపుచ్చుతుంటే అమ్మ పక్కన కూర్చుని నిశ్శబ్దంగా ఏడ్చింది. ఎన్నో ఇళ్లకి మీవాళ్లు పెరుగన్నం, పులిహోర డబ్బాలు మోసుకెళ్లారు. కానీ మంగళవారం పొద్దున "ఏడు వారాల పాప ఉంది, కేటీలో ఎవరింటికైనా కరెంటుందా" అని నేను గ్రూపులో పెట్టిన మెసేజ్ వందలకొద్దీ ఫోటోలు, వీడియోలు, ఫార్వర్డుల కింద పడిపోయింది. ఎవరి తప్పూ కాదు. ఎనిమిది వందల మంది ఉన్న గ్రూపులో అదే జరుగుతుంది. షుగర్‌ల్యాండ్ వాళ్లు ఆ మెసేజ్ గురువారం చూశారు.

అందుకని అడుగుతున్నాను. మే నెలలో ఒక్క ఆదివారం, గుళ్లో అయినా సరే, ఒక గంట. కొత్తగా వచ్చినవాళ్లు, ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చిన ఇళ్లు, పసిపిల్లలున్న ఇళ్లు తప్పకుండా రావాలని పిలవండి. చెప్పేది తెలుగులో చెప్పండి. ఫోన్‌కి వచ్చే హెచ్చరికలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, మేం పగలు ఆఫీసులకి పోతే ఇంట్లో అమ్మ ఒక్కర్తే, ఆ ఫోన్ కీచుమంటే ఏం చెయ్యాలో తెలీక ఆపేసేది. వాచ్ అంటే రావచ్చు, వార్నింగ్ అంటే వచ్చేస్తోంది, టోర్నడో వార్నింగ్ అయితే కిటికీలు లేని బాత్‌రూమ్‌లోకి వెళ్లి కూర్చోవాలి, ఇంతే కదా, తెలుగులో రెండు ముక్కలు. 2024 మే 16న పెద్ద గాలివాన సాయంత్రంపూట వచ్చి డౌన్‌టౌన్ బిల్డింగుల అద్దాలు రాల్చేసినప్పుడు మాకు ఆ తేడా తెలీదు.

ఇంకా ఉన్నాయి. అద్దె ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నష్టం ఉండదని, వరద ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలని, అది మామూలుగా 30 రోజుల తర్వాత గానీ అమల్లోకి రాదని, అంటే టీవీలో తుఫాను చూశాక కొంటే లాభం లేదని మనవాళ్లలో ఎందరికి తెలుసు? ఇంకోటి మాలాంటివాళ్లందరికీ కావాల్సింది. మాది హెచ్-1బీ వర్క్ వీసా, మనకేం రాదులే అని, విపత్తులప్పుడు సాయం చేసే ప్రభుత్వ సంస్థ ఫెమా వైపు చూడనే లేదు. నిజమే, వీసా మీద ఉన్నవాళ్లకి ఆ డబ్బు సాయం రాదు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లలుంటే, ఆ పిల్లల పేరు మీద తల్లిదండ్రులు అప్లై చెయ్యొచ్చు. షెల్టరూ, తిండీ, నీళ్లలాంటి అత్యవసర సాయానికి ఎవరి స్టేటస్సూ అడ్డం కాదు. ఈ సంగతి మాకు గడువు దాటిపోయాక ఎవరో పార్టీలో చెప్పారు. పారబోసిన సరుకులు, ఆస్పత్రి బిల్లు, కారు అద్దం, అన్నీ మా జేబులోంచే పోయాయి. మీలో లాయర్లున్నారు, ఇన్సూరెన్స్ ఏజెంట్లున్నారు, డాక్టర్లయితే చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరు పది నిమిషాలు మాట్లాడితే చాలు.

గ్రూపు విషయం కూడా ఆలోచించండి. పెద్ద గ్రూపు అలాగే ఉండనివ్వండి, కానీ ఏరియాకి ఒకరు, కేటీకి ఒకరు, సైప్రస్‌కి ఒకరు, పేర్‌ల్యాండ్‌కి ఒకరు, ముందే ఒక లిస్టు రాసుకుని పెట్టుకోవాలి: ఏ ఇంట్లో పసిపిల్లలున్నారు, ఎవరింట్లో ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది, ఏ ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటారు. తుఫాను వెలిసిన సాయంత్రం వాళ్లకి వరసగా ఫోన్లు చెయ్యాలి. ఫోన్ ఎత్తకపోతే మనిషి వెళ్లి తలుపు కొట్టాలి. మమ్మల్ని బతికించింది ఫోను కాదు, తలుపు కొట్టిన మనిషి.

కేటీ లిస్టు నేను రాస్తాను, ఆ ఫోన్లు నేను చేస్తాను. మా ఆయన కార్బన్ మోనాక్సైడ్ అలారం తెచ్చి ఎలా పెట్టాలో, బ్యాటరీ ఎలా మార్చాలో అందరికీ చూపిస్తానన్నాడు. ఇల్లంతా కరెంటు సామానే కాబట్టి మా అపార్ట్‌మెంట్‌లో అది అసలు లేదు. పాతిక, ముప్పై డాలర్లుంటుంది.

కరపత్రం ఒకటి తెలుగులో రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలో "కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు పట్ల జాగ్రత్త వహించండి" అని రాసి వీడియో కాల్‌లో అమ్మకి చదివి వినిపించాను. అమ్మ కొట్టెయ్యమంది. "తలుపులేసిన ఇంట్లో కుంపటి పెట్టకండి, నిప్పులు ఆరినట్టున్నా పెట్టకండి, అని రాయి. అప్పుడు మాకు తెలుస్తాది" అంది. అలాగే మార్చాను. మీరు ఆదివారం ఖాయం చేస్తే అక్కడ రాత్రి ఎంతయినా సరే మేలుకుని వీడియోలో వస్తానంది. కుంపటి సంగతి మాత్రం తనే చెబుతుందట, నన్ను చెప్పొద్దంది.

మీ తేదీ కోసం ఎదురుచూస్తుంటాను.

కేటీ నుంచి,
మీ అమ్మాయి